చిన్న కారుకు రివర్సు కెమెరా అక్కర్లేదన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?

అనంతపురం పాతూరులో మా సందు వెడల్పు పన్నెండు అడుగులు కూడా ఉండదు. పోయిన వారం పొద్దున ఆరు గంటలకు మా సందులో ఒకాయన తన చిన్న కారును రివర్సు తీస్తుంటే, కారు వెనక వాకిట్లో కూర్చుని ముగ్గు వేస్తున్న పక్కింటి ముసలి జేజికి బంపర్ తగిలింది. ఆమె పక్కకు పడింది, చెయ్యి విరిగింది. దేవుడి దయ వల్ల అంతటితో పోయింది. కారుకు వెనక సెన్సర్ ఉంది, ఏదైనా దగ్గరికొస్తే బీప్ అని మోగేది. అది మోగింది కూడా. కానీ ఆ సందులో అది ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. కాలవ మీద బండకు మోగుతుంది, ఎదురింటి మెట్లకు మోగుతుంది, గోడకు ఆనించిన స్కూటరుకు మోగుతుంది. మెట్ల కోసమే మోగుతోందనుకున్నానని ఆయన ఇప్పటికీ ఏడుస్తూ చెప్తున్నాడు. నేను నమ్ముతాను, ఎందుకంటే నేనైనా అదే అనుకునేవాణ్ణి.

ఆ సాయంత్రానికి వీధి వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. లారీలు, అంబాసిడర్లు తోలిన పెద్దవాళ్ళు ఒక పక్క: "ముప్పై ఏళ్ళు అద్దాలు చూసుకునే తోలినాం, ఇంత చిన్న బండికి కెమెరా ఏమిటికి, మెడ తిప్పి చూస్తే సరిపోదా?" కొత్తగా కారు కొన్నవాళ్ళు, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు ఇంకో పక్క. ఈ గొడవ కొత్తదేమీ కాదు, ఎక్కడో ఒకచోట ఇలాంటిది జరిగినప్పుడల్లా లేస్తుంది, పది రోజులకు చల్లారుతుంది. ఈసారి ఊరికే చల్లారేలా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, పైనున్న సెస్సు కూడా పోయింది. మొదటిసారి కారు కొందామని చూస్తున్న ఇళ్ళు మా చుట్టుపక్కలే నాలుగైదు ఉన్నాయి. వాళ్ళందరూ షోరూంలో కూర్చుని ఇదే లెక్క వేసుకుంటున్నారు, కెమెరా లేని తక్కువ ధర బేస్ మోడలా, రివర్సు వేస్తే వెనకున్నది తెర మీద చూపించే కెమెరా ఉన్న పై మోడలా అని.

కెమెరా పుట్టుపూర్వోత్తరాల్లోకి ఎక్కువ పోను. 1956లో బ్యూక్ వాళ్ళు ప్రదర్శనకు పెట్టిన కారులో వెనక టీవీ కెమెరా ఉండటం, 1991లో జపాన్లో టయోటా సోరర్ అనే కారు దాన్ని అమ్మకానికి తేవడం, ఇవన్నీ వెతికితే ఎవరికైనా దొరికే సంగతులే. మన గొడవకు మూలం అక్కడ లేదు. నన్నడిగితే మూలం 2019 జూలై 1.

ఆ రోజు నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కొత్త కారుకూ కొన్ని భద్రతా వస్తువులు తప్పనిసరి అయ్యాయి. డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట, వేగం దాటితే హెచ్చరిక, వెనక రివర్సు సెన్సర్. ఏఐఎస్-145 అనే మన దేశపు వాహన భద్రతా ప్రమాణం కింద వచ్చిన నిబంధన అది, 2017 డిసెంబరులోనే నోటిఫికేషన్ ఇచ్చారు. మంచి నిర్ణయమే, అంతకుముందు బేస్ మోడల్ కార్లకు వెనక ఏమీ ఉండేది కాదు. అయితే రివర్సు దగ్గర సర్కారు ఒక మెట్టు కింద ఆగింది. సెన్సర్ పెడితే చాలు, కెమెరా పెట్టమనలేదు. ఆ రోజు నుంచి "చట్టమే సెన్సర్ చాలంది కదా" అన్న మాట షోరూం సేల్స్‌మన్ నోట్లోకి, అక్కడి నుంచి మన ఇళ్ళలోకి వచ్చేసింది. కెమెరా అంటే అలాయ్ వీల్స్ లాగా, సన్‌రూఫ్ లాగా డబ్బున్నవాళ్ళ షోకు అన్న అభిప్రాయం అప్పుడే గట్టిపడింది.

ఆ నిర్ణయం తీసుకునేనాటికి ఈ ప్రశ్న మీద అమెరికాలో పన్నెండేళ్ళ పంచాయితీ నడిచి తేలిపోయి ఉంది. అందుకే కొంచెం వెనక్కి పోవాలి.

2002 అక్టోబరులో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఒక పిల్లల డాక్టరు రాత్రిపూట తన ఇంటి ముందు బండిని రివర్సు తీస్తుంటే సొంత కొడుకే చక్రాల కింద పడి చనిపోయాడు. బాబుకు రెండేళ్ళు. ఆ తండ్రి, ఆయనలాగే పిల్లల్ని పోగొట్టుకున్న ఇంకొందరు కలిసి పట్టుబట్టి ఏళ్ళ తరబడి తిరిగితే 2008 ఫిబ్రవరిలో ఆ బాబు పేరు మీదే కామెరాన్ గల్‌బ్రాన్సెన్ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఇలాంటి చావులు లెక్కలోకే సరిగా వచ్చేవి కావు. రోడ్డు ప్రమాదాల లెక్క ప్రజల రోడ్ల మీద జరిగేవాటికే, ఇంటి వాకిట్లో జరిగింది అందులోకి రాదు. రోడ్డు బయట జరిగే వాటిని కూడా లెక్కగట్టమని ఆ చట్టమే చెప్పాల్సి వచ్చింది. లెక్క తీస్తే ఏడాదికి సుమారు 210 చావులు, 15,000 గాయాలు తేలాయి. చావుల్లో 31 శాతం అయిదేళ్ళ లోపు పిల్లలు, 26 శాతం డెబ్బై దాటిన ముసలివాళ్ళు. మా సందులో ఆ టైముకు వాకిట్లో ఉండేది సరిగ్గా వాళ్ళే.

ఇప్పుడు మన గ్రూపులో అంటున్న మాట, చిన్న కారుకు ఎందుకని, అక్కడ కూడా వచ్చింది. 2009లో ఆ దేశపు రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అభిప్రాయాలు అడిగినప్పుడు, ఎత్తైన ఎస్‌యూవీలకు, పికప్ ట్రక్కులకు మాత్రమే పెడదామా అన్నది కూడా చర్చకు పెట్టింది. 2010 డిసెంబరులో ప్రతిపాదన బయటికి వచ్చేసరికి ఆ తేడా పోయింది, 10,000 పౌండ్ల లోపు బండ్లన్నీ అందులోకి వచ్చాయి. అంటే మన నాలుగు మీటర్ల కారు కూడా. కంపెనీలు ఖర్చు ఎక్కువన్నాయి, సర్కారు వాయిదాల మీద వాయిదాలు వేసింది, 2011లో రావాల్సిన నిబంధన రాకపోతే ఆ డాక్టరూ మరికొందరూ 2013లో కోర్టుకు వెళ్ళారు. కేసు విచారణకు రావాల్సిన ముందురోజు, 2014 మార్చి 31న, నిబంధన విడుదలైంది. గేరు రివర్సులో పడ్డ రెండు సెకన్లలోపు బొమ్మ రావాలి. బండి వెనక పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు జాగా కనపడాలి. 2018 మే 1 నుంచి తయారైన కొత్త కారును అక్కడ కెమెరా లేకుండా అమ్మకూడదు.

నా దృష్టిలో ముఖ్యమైన సంగతి, సెన్సర్ ఎందుకు చాలలేదన్నది. వాళ్ళు దాన్ని వదిలేయలేదు, పరీక్షించి చూశారు. బంపర్‌లో ఉండే ఆ గుండ్రటి బొత్తాలు మన చెవికి వినపడని శబ్దాన్ని వదులుతాయి, అది దేనికైనా తగిలి తిరిగొచ్చే టైమును బట్టి దూరం లెక్కగడతాయి. గోడ లాంటి గట్టి, నిటారు వస్తువుకు బాగా పనిచేస్తాయి. చిన్నపిల్లలు, నేల మీద కూర్చున్న మనిషి, శబ్దాన్ని పీల్చుకునే బట్టలు, బంపర్ కిందికి వచ్చేసిన వస్తువు, ఇలాంటి చోట్ల తడబడతాయి. పిల్లల్ని పట్టుకోవడంలో వాటి మీద ఆధారపడలేమని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ తేల్చింది. అక్కడి బీమా కంపెనీల పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఎస్ ఇంకో పరీక్ష చేసింది. మామూలు మనుషుల్ని పిలిచి, పార్కింగ్ జాగాలో బండి రివర్సు తీయమని, వాళ్ళకు చెప్పకుండా వెనక పిల్లవాడి ఎత్తు బొమ్మను పెట్టారు. సెన్సర్ ఒక్కటే ఉన్నవాళ్ళు దాదాపు అందరూ దాన్ని గుద్దేశారు. కెమెరా ఉన్నవాళ్ళలో తప్పించినవాళ్ళు సెన్సర్ వాళ్ళలో కంటే చాలా ఎక్కువ. బీప్ వెనక ఏదో ఉందని చెప్తుంది, ఏముందో చెప్పదు. మెట్టా, మనిషా అన్నది ఊహించుకోవాల్సింది డ్రైవరే.

ఈ పరీక్షల సంగతులన్నీ అప్పటికే ప్రపంచం ముందున్నాయి. అవన్నీ చూసే వీలుండి కూడా 2019లో మనం బీపునే ఎంచుకున్నాం. అసలు పొరపాటు అదే అంటాను.

ఖర్చు వల్లే అనేవాళ్ళకు ఒక మాట. 2014లో ఆ నిబంధన రాసినవాళ్ళే లెక్కగట్టారు: కారులో తెర ముందే ఉంటే కెమెరాకు 43 నుంచి 45 డాలర్లు, తెరతో సహా అయితే 132 నుంచి 142 డాలర్లు. అప్పటి రూపాయి విలువలో సుమారు 2,700, లేదా 8,000 పైచిలుకు. మన షోరూంలో మాత్రం కెమెరా కావాలంటే దాంతో పాటు పెద్ద తెర, మంచి సీటు కవర్లు, అలాయ్ చక్రాలు అన్నీ కలిపి ఉన్న మోడలే కొనాలి, తేడా లక్ష దాకా పోతుంది. అప్పుడు తండ్రి బేస్ మోడల్ దగ్గరే ఆగిపోతాడు, ఆయన తప్పేముంది? మన జిల్లా సంగతే చూడండి. 2019 ఆగస్టులో, అంటే ఆ నిబంధన వచ్చిన నెల రోజులకే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. అప్పటికి పెనుకొండ మన అనంతపురం జిల్లాలోనే ఉండేది. మన ఊరి పక్కన కారు తయారవుతోందని ఎంత సంతోషపడ్డామో నాకు గుర్తుంది. అదే కారు అమెరికాలో అమ్మాలంటే ఏ మోడల్‌కైనా కెమెరా ఉండాల్సిందే.

అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. కెమెరా ఉన్నంత మాత్రాన గుద్దుళ్ళు ఆగిపోవు, నిజమే. ఐఐహెచ్‌ఎస్ లెక్కలోనే పోలీసులకు చేరిన రివర్సు ప్రమాదాలు కెమెరా వల్ల 17 శాతమే తగ్గాయి. లెన్సు మీద మట్టి పడితే ఏమీ కనపడదు. తెరనే చూస్తూ పక్కలు చూడటం మానేసేవాళ్ళూ ఉన్నారు. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త బండ్లన్నిటికీ వచ్చిన నిబంధన కూడా కెమెరా గానీ సెన్సర్ గానీ ఏదో ఒకటి ఉంటే చాలంటుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేనిది ఒక్కటే, "చిన్న బండికి వెనక అంతా కనపడుతుంది" అన్నది. అది మారుతి 800 నాటి జ్ఞాపకం. 1983 చివర్లో వచ్చిన ఆ బండికి పైకప్పును మోసే సన్నటి కడ్డీలు, నలువైపులా పెద్ద అద్దాలు, మెడ తిప్పితే నిజంగానే చాలామటుకు కనపడేది. మొదట్లో ఆ బండ్లకు వెనక చూసుకునే ఎడమవైపు సైడ్ అద్దం లేకపోయినా ఎవరూ పట్టించుకోలేదు. 2009లో నానో బేస్ మోడల్ వచ్చినప్పుడు కూడా బయట ఒక్క అద్దమే, డ్రైవరు వైపు. ఎడమ అద్దం ఎందుకు, అనవసరం ఖర్చు అని అప్పట్లో ఎంతమంది వాదించారో! ఇప్పుడు అది లేని కారును ఎవరైనా కొంటారా? ఈనాటి చిన్న కారు వెనక భాగం ఎత్తు, డిక్కీ తలుపు మీద అద్దం చిన్నది, గుద్దుడుకు తట్టుకోవాలని పక్కన కడ్డీలు లావు, వెనక సీట్లకు తల ఆనించుకునే దిమ్మలు. నిన్న నేనే మా కారులో కూర్చుని చూశాను, మా అమ్మాయిని వెనక నిలబెట్టి. దానికి నాలుగేళ్ళు. బంపర్ నుంచి మూడు బారల దూరం పోయేదాకా నడినెత్తి కూడా కనపడలేదు. కూర్చోమన్నాను. ఇంకా చాలా దూరం పోవాల్సి వచ్చింది. ఎంత దూరమో కొలవలేదు, నా చేతులు వణుకుతున్నాయి.

ఇప్పుడు కారు ఉన్నవాళ్ళకు దారి ఉంది. కార్ల సామాన్ల షాపుల్లో వెనక నంబరు ప్లేటు పైన కెమెరా బిగించి, ముందున్న తెరకో, లోపలి అద్దంలోనే చిన్న తెరకో కలిపేస్తారు, ఒక పూట పని. వైరు కోస్తే వారంటీ పోతుందని షోరూంలో భయపెడతారు, అందుకే కోయకుండా క్లిప్పులతో కలిపేవాళ్ళను అడిగి వెతుక్కోవాలి. కొత్తగా కొనేవాళ్ళు బేస్ మోడల్ తీసుకున్నా దీనికి కొంత డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. అసలు చేయాల్సింది మాత్రం ఢిల్లీలో ఉంది, ఏఐఎస్-145లో రివర్సు సెన్సర్ అన్నచోట కెమెరా కూడా చేర్చాలి.

జేజి మనవడు మొన్న ఆదివారం ఆ గుద్దినాయనతోనే కలిసి పోయి తమ కారుకు కెమెరా పెట్టించుకొచ్చాడు. ఆయన డబ్బంతా తనే ఇస్తానన్నాడు, జేజి వాళ్ళు సగమే తీసుకున్నారట. సాయంత్రం నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి రివర్సు వేసి చూపించారు. తెర మీద కాలవ బండ, మెట్లు, స్కూటరు టైరు, వాకిట్లో పొద్దుటి ముగ్గు, ముగ్గుపిండి డబ్బా మూత కూడా కనపడింది. మా సందు దుమ్ముకు లెన్సు రోజూ ఒకసారి తుడవాలి. ఆ పని జేజి తన మీద వేసుకుంది, కట్టు లేని చేత్తో.