చేప ఫొటోకి ఎంత కెమెరా కావాలి?

"ఇంట్లో అక్వేరియం పెట్టి చాలాకాలమైంది. ఫోన్‌తో తీస్తే మొక్కలూ రాళ్ళూ బాగానే వస్తాయి, చేపలు మాత్రం పొగలాగా వస్తున్నాయి. ఎక్కువ ఖర్చు పెట్టలేను. ఏ కెమెరా కొనమంటారు? పెద్ద సెన్సర్ ఉన్నదే కొనాలని అందరూ అంటున్నారు, నిజమేనా?" ఇది ఒక పాఠకుడి ప్రశ్న.

ఒక కెమెరా పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ చివరి వాక్యం ఊరుకోనివ్వలేదు. పెద్ద సెన్సర్ మంచిదన్న మాట రాత్రి ఆకాశం ఫొటోలకు నిజం, మనుషుల ముఖాలకు నిజం. గాజు తొట్టెలో ఈదే చిన్న చేపకు వచ్చేసరికి సగమే నిజం. మిగతా సగం ఏమైందో తెలుసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. ఐఎస్ఓ అంటే ఏమిటి, షట్టర్ స్పీడ్ అంటే ఏమిటి అన్న ఓనమాలు వదిలేస్తున్నాను. అవి ఎక్కడైనా దొరుకుతాయి.

కెమెరా వైపు నుంచి కాకుండా చేప వైపు నుంచి మొదలుపెడదాం. చేప ఒంటిమీద ఒక పొలుసు అంచున ఒక చుక్క తీసుకోండి. ఆ చుక్కమీద పడిన వెలుతురు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. అందులో మన లెన్స్ కన్నంలోకి వచ్చేది ఏ కాస్తో. ఆ వచ్చే కాంతి ఆకారం పక్కకి పడుకోబెట్టిన గరాటులా ఉంటుంది: మొన చేప దగ్గర, నోరు లెన్స్ దగ్గర. దీన్ని కాంతి శంకువు అందాం. చేప ఫొటోలో వచ్చే తిప్పలన్నీ ఈ శంకువులోనే ఉన్నాయి.

నోరు ఎంత వెడల్పు? లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగిస్తే తెలుస్తుంది. 100 మి.మీ. లెన్స్‌ని ఎఫ్/2.8 దగ్గర పెడితే సుమారు 36 మి.మీ. అదే లెన్స్‌ని ఎఫ్/16కి మూస్తే 6 మి.మీ. చిల్లర.

ఇప్పుడు చేప లెన్స్‌కి 30 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. నోరు 36 మి.మీ. ఉన్న శంకువు 300 మి.మీ. దూరంలో 36 మి.మీ. విచ్చుకుంటుంది, అంటే ప్రతి 8 మి.మీ.కి 1 మి.మీ. కంటే కొంచెం తక్కువ. ఫోకస్ చేప కంటిమీద ఉంది. పక్కరెక్క కంటికన్నా 5 మి.మీ. ముందుకి ఉంది. ఆ రెక్కమీది చుక్క ఫొటోలో చుక్కగా రాదు, చేప కొలతల్లో 0.6 మి.మీ. వెడల్పున్న మరకగా వస్తుంది. నియాన్ టెట్రా పొడవే మూడు సెంటీమీటర్ల పైచిలుకు. దాని పొలుసులూ రెక్కల గీతలూ ఆ మరకలో కలిసిపోతాయి. నోరు 6 మి.మీ.కి తగ్గిస్తే మరక 0.1 మి.మీ. అవుతుంది, రెక్క గీత గీతగా కనిపిస్తుంది.

బాగుంది, మరి వెలుతురు? నోటి వ్యాసం ఆరో వంతుకు దగ్గరైతే వైశాల్యం ముప్పైమూడో వంతవుతుంది. మరక ఆరింతలు చిన్నదైంది, దానికి బదులుగా కాంతి ముప్పైమూడింతలు పోయింది. ఫోకస్ లోతూ (ముందూ వెనకా ఎంత మేర స్పష్టంగా వస్తుందన్నది) కాంతీ రెండు వేరు వేరు విషయాలని చాలామంది అనుకుంటారు. రెండూ ఒకే శంకువు. ఒకటి దాని వెడల్పు, రెండోది ఆ వెడల్పు వర్గం.

ఈ లెక్కలో సెన్సర్ ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. శంకువుకి లెన్స్ నోరు తెలుసు, దాని వెనక ఏముందో తెలియదు.

చౌక కాంపాక్ట్ కెమెరాల్లో ఉండే చిన్న సెన్సర్ సుమారు 6.2 × 4.6 మి.మీ. ఉంటుంది. పెద్ద కెమెరాలో ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మి.మీ. వైశాల్యంలో తేడా ముప్పై రెట్లు. పెద్ద కెమెరా 100 మి.మీ. లెన్స్‌తో చూసే దృశ్యాన్నే చిన్న కెమెరా 18 మి.మీ. లెన్స్‌తో చూస్తుంది. ఆ 18 మి.మీ.ని ఎఫ్/2.8తో భాగించండి. 6.4 మి.మీ. పెద్ద కెమెరాలో ఎఫ్/16 దగ్గర వచ్చిన నోరు ఇంచుమించు ఇదే! అదే దూరం, అదే శంకువు, అదే ఫోకస్ లోతు, చేప నుంచి వచ్చే అవే ఫోటాన్లు, అంటే కాంతి కణాలు. చిన్న కెమెరా ఐఎస్ఓ 100లో తీసే ఫొటోని పెద్ద కెమెరా ఎఫ్/16తో తీయాలంటే ఐఎస్ఓ 3200కి ఎక్కాలి. ఫొటోలో చుక్కచుక్కలుగా కనిపించే గరుకుదనం, అంటే నాయిస్, రెండింట్లోనూ దాదాపు సమానంగానే ఉంటుంది. ఎందుకంటే ఆ గరుకులో పెద్ద భాగం కెమెరా తప్పు కాదు, ఫోటాన్ల లెక్కలోనే ఉంది. సగటున 100 ఫోటాన్లు పడే చోట హెచ్చుతగ్గు 10 ఉంటుంది, అంటే పది శాతం. 10,000 పడే చోట హెచ్చుతగ్గు 100, అంటే ఒక శాతమే. ఎన్ని ఫోటాన్లు పట్టామన్నదే ముఖ్యం, వాటిని ఎంత పెద్ద పళ్ళెంలో పరిచామన్నది కాదు.

పెద్ద సెన్సర్ ఎక్కడ గెలుస్తుందంటే, శంకువుని వెడల్పుగా తెరవగలిగే చోట. చిన్న కెమెరా లెన్స్‌కి 36 మి.మీ. నోరు పెట్టడం కుదరదు. డిస్కస్, ఏంజెల్ ఫిష్ లాంటి పలచని చేపలు సరిగ్గా పక్కకి తిరిగి నిలబడితే ఒళ్ళంతా ఒకే తలంలో ఉంటుంది. అప్పుడు లోతు అక్కర్లేదు, నోరు బార్లా తెరిచి ముప్పైమూడు రెట్లు కాంతి తాగొచ్చు. గోల్డ్ ఫిష్ లాంటి గుండ్రటి ఒంటికి ఆ భోగం లేదు.

నీళ్ళు ఇక్కడ మనకో చిన్న మేలు చేస్తాయి. నీటి వక్రీభవన గుణకం 1.33. గాజుకి 4 సెం.మీ. వెనక ఉన్న చేప 3 సెం.మీ. వెనకే ఉన్నట్టు కనిపిస్తుంది. అంటే చేప మందం కూడా నాలుగింట మూడు వంతులకి నొక్కుకుపోతుంది. శంకువు నీటిలో సన్నబడి, ఫోకస్ లోతు మూడో వంతు ఎక్కువగా, ఉత్తపుణ్యానికి దొరుకుతుంది. బడిలో ఈ పాఠం అందరం చదివాం. గ్లాసులో పెన్సిల్, విరిగినట్టు కనిపించే ఒకే ఒక్క గీత, 4/3 అని రాస్తే మార్కులు. కిరణం అంటే గీత అని పిల్లల తలలో స్థిరపడిపోతుంది. కన్ను చూసేది గీతని కాదు, శంకువుని అని చెప్పే మాస్టారు అరుదు. చెబితే అదే పెన్సిల్‌తో ఫోకస్ లోతు కూడా ఆ పూటే చెప్పేయొచ్చు.

నీళ్ళు చేసే మేలు గాజుకి ఎదురుగా నిలబడితేనే. ఏటవాలుగా తీస్తే శంకువు శంకువుగా మిగలదు, ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా వంగుతుంది. పైగా ఎరుపుకి గుణకం 1.331 అయితే నీలానికి 1.337. తేడా మూడో దశాంశంలోనే ఉన్నా ఏటవాలు చూపులో చేప అంచుకి రంగుల కుచ్చులు కట్టడానికి అది చాలు. లక్షలు పోసిన లెన్స్ అయినా సరే, తొట్టె మూల నుంచి తీస్తే ఇంతే.

నోరు మరీ చిన్నది చేస్తే ఏమవుతుంది? కాంతి తరంగం కాబట్టి కన్నం అంచున చెదురుతుంది. 6.4 మి.మీ. నోటితో 30 సెం.మీ. దూరం నుంచి విడిగా చూడగలిగే అతి చిన్న వివరం సుమారు 0.03 మి.మీ. ఈ లెక్కలోనూ సెన్సర్ లేదు. ఫ్రేములో 7 సెం.మీ. వెడల్పు దృశ్యం ఉంటే అడ్డంగా 2,300 వివరాలు పడతాయి. ఒక్కో వివరానికి రెండు పిక్సెల్స్ చొప్పున ఇచ్చినా 16 మెగాపిక్సెల్స్ సరిపోతాయి. పాత కెమెరాలో 12 ఉన్నా నష్టమేమీ కనిపించదు. పెట్టెమీద 48 అని రాసి ఉంటే ఆ మిగతాది అట్టపెట్టె కోసమే అనుకోండి.

ఇంతవరకూ చేప కదలలేదు. అసలు టెన్షన్ కదిలితేనే. సెకనుకి 10 సెం.మీ. ఈదే చేప 1/125 సెకనులో 0.8 మి.మీ. జరుగుతుంది. మనం కష్టపడి 0.1 మి.మీ.కి తెచ్చుకున్న మరక మళ్ళీ 0.8 అయింది. దాన్ని 0.1కి దించాలంటే 1/1000 సెకను కావాలి. అక్వేరియం దీపం మన కంటికి వెలుగుగానే ఉంటుంది కానీ మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దగ్గర ఉంటే, తొట్టె లోపల అందులో చిన్న పిసరంత. ఫోన్‌లో చేప పొగలా రావడం కూడా ఇక్కడిదే. ఫోన్ లెన్స్ నోరు మూడు నాలుగు మి.మీ. మాత్రమే. ఆ లోటు పూడ్చడానికి ఫోన్ చాలా ఫొటోలు వెంటవెంటనే తీసి ఒకటిగా కలుపుతుంది. రాయి కదలదు కాబట్టి బాగా వస్తుంది. చేప ఒక్కో ఫొటోలో ఒక్కో చోట ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని పులిమేస్తుంది.

లోతు కావాలంటే నోరు మూయాలి, కదలిక ఆగాలంటే షట్టర్ త్వరగా మూయాలి. రెండూ కాంతినే తింటాయి. కాబట్టి కాంతినే తేవాలి. ఖర్చు పెట్టాల్సింది సెన్సర్ మీద కాదు, కెమెరా నుంచి విడదీసి తొట్టె పైన పెట్టగలిగే చిన్న ఫ్లాష్ మీద. తక్కువ పవర్‌లో పెడితే దాని మెరుపు 1/10,000 సెకను లోపే ముగుస్తుంది. అంతలో మన చేప కదిలేది 0.01 మి.మీ. మెరుపుతో కదలికని ఆపే ఈ విద్యకి దారి వేసినవాడు ఎంఐటీలో పనిచేసిన హెరాల్డ్ ఎడ్జర్టన్, 1930లలో. తర్వాత ఆయన సముద్రం లోపలి ఫొటోల కోసం ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు కూస్టోతో కలిసి పనిచేశాడు.

ఫ్లాష్ కెమెరా మీదే ఉంటే రెండు ఇబ్బందులు. గాజు ముందు తలం తనమీద పడ్డ కాంతిలో 4 శాతం వెనక్కి కొడుతుంది, ఫొటో మధ్యలో తెల్లటి మచ్చ. నీటిలో తేలే నలుసులు కూడా నక్షత్రాల్లా మెరుస్తాయి. పైనుంచి కొడితే రెండూ పోతాయి. పోలరైజర్ ఫిల్టర్ కొనమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. అది గాజు ప్రతిబింబాన్ని బాగా కోసేది 56 డిగ్రీల వాలులో. మనం నిలబడాల్సింది ఎదురుగా, అక్కడ దాని పని సున్నా, పైగా సగం కాంతిని మింగేస్తుంది. దాని బదులు లెన్స్‌కి రబ్బరు హుడ్ తొడిగి గాజుకి ఆనించండి. గదిలో దీపాలు ఆర్పేయండి. ఫ్లాష్‌ని మాత్రం గట్టిగా కట్టండి. అందులో కెపాసిటర్ 300 వోల్టుల దాకా చార్జ్ అయి ఉంటుంది, తొట్టెలో పడితే వేడుక కాదు.

ఫ్లాష్ పడితే చేపలకు కళ్ళు పోతాయని, చచ్చిపోతాయని ఒక నమ్మకం బాగా తిరుగుతోంది. ఎవర్ని అడిగినా ఎవరో చెప్పారంటారు. చేపలకు రెప్పలు లేవన్న నిజం చుట్టూ అల్లిన భయం ఇది. సముద్రగుర్రాలమీద చేసిన పరిశోధనలో వాటికి ఫ్లాష్ కన్నా మనిషి చేత్తో కదపడమే ఎక్కువ బాధ పెట్టినట్టు తేలింది. చీకట్లో నిద్రపోతున్న చేపమీద హఠాత్తుగా మెరిపిస్తే బెదిరి గాజుకి కొట్టుకోవచ్చు. తొట్టె దీపం వెలిగించి ఉంచితే ఆ గొడవ లేదు.

పైనుంచి వచ్చే కాంతికి ఇంకో అందం ఉంది. నియాన్ టెట్రా ఎర్ర చార రంగుపదార్థం వల్ల వచ్చింది. నీలి చార అలా కాదు. అది గ్వానీన్ అనే పదార్థపు పలచని పలకలు వరసగా పేర్చి ఉండటం వల్ల పుట్టే రంగు. మన డీఎన్ఏలో ఉండే నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానీనే ఇది. కాంతి పడే కోణం మారితే నీలం పచ్చగానో ఊదాగానో మారుతుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టి "రంగు రాలేదు" అని కెమెరాని తిట్టడం న్యాయం కాదు.

ఇక కొనడం. కెమెరాలో మాన్యువల్ మోడ్ ఉండాలి, ఫ్లాష్ తగిలించే హాట్ షూ ఉండాలి, రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ముడి ఫైల్) ఇవ్వాలి. ఈ మూడూ ఉంటే పదేళ్ళ నాటి సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ అయినా చాలు. దానికి కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్, దాని ముందు బిగించే ఒక క్లోజప్ లెన్స్. కాంపాక్ట్ కావాలంటే పానాసోనిక్ ఎఫ్‌జెడ్300 లాంటిది: చిన్న సెన్సరే, కానీ జూమ్ మొత్తం ఎఫ్/2.8, హాట్ షూ ఉంది, రా ఉంది. మనం లెక్కేసిన 6.4 మి.మీ. నోరు దానిలో నిజంగా దొరుకుతుంది. చాలా కాంపాక్ట్‌లలో షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది కాబట్టి ఫ్లాష్‌తో 1/1000 సెకను కూడా వాడుకోవచ్చు. డీఎస్‌ఎల్‌ఆర్‌లు మామూలుగా 1/200 దగ్గర ఆగిపోతాయి. చౌక రకం ఖరీదైనదాన్ని కొట్టే చోటు ఇదొకటి. ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రం వాడకండి. మసకబారేలా పెట్టిన ఎల్ఈడీ దీపాలు కంటికి తెలియకుండా ఆరి వెలుగుతూ ఉంటాయి, ఫొటోలో అడ్డచారలు పడతాయి.

పగడాల తొట్టె ఉన్నవాళ్ళ కథ వేరు. అక్కడి దీపాలు 450 నానోమీటర్ల నీలం. బ్రైస్ బేయర్ కొడాక్‌లో పనిచేస్తూ రూపొందించిన, 1976లో పేటెంట్ వచ్చిన రంగు ఫిల్టర్ల అమరిక ప్రకారం సెన్సర్‌లోని ప్రతి నాలుగు పిక్సెల్స్‌లో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నీలం దీపం కింద గట్టిగా పనిచేసేది నాలుగింట ఒకటే. 12 మెగాపిక్సెల్ కెమెరా 3 మెగాపిక్సెల్ కెమెరా అయిపోతుంది, ఆ ఒక్కటీ పొంగిపోతుంది, పగడం నీలి ముద్దగా వస్తుంది. లెన్స్ ముందు పసుపు ఫిల్టర్, రా ఫైల్ లేకుండా ఇక్కడ పని జరగదు.

చేపలమీద పరిశోధన చేసేవాళ్ళు ఈ బాధలన్నీ ఇంకో దారిలో తప్పించుకుంటారు. ఫొటో కోసమే ఒక సన్నటి చిన్న తొట్టె వాడతారు. చేపని అందులో కాసేపు వదిలి, లోపల ఒక గాజు పలకతో ముందు గాజు వైపు మెల్లగా జరుపుతారు. ఈదే చోటు రెండు మూడు సెంటీమీటర్లే ఉంటే చేప పక్కకి తిరిగే ఉంటుంది, ఫోకస్ వెతుక్కోనక్కర్లేదు, లోతు తక్కువైనా చాలు, శంకువుని ఇంకాస్త వెడల్పుగా తెరవొచ్చు. పాత తొట్టె నీళ్ళే పోయాలి, పని నిమిషాల్లో ముగించాలి. ఒక గాజు పలక ఖర్చుతో ఒకటి రెండు స్టాపుల (ఒక్కో స్టాపూ అంటే రెట్టింపు) కాంతి కలిసొస్తుంది.