అయస్కాంతం అతుక్కుంటే నకిలీయేనా? గాలం వేసేవాళ్ల ప్లయర్లపై అపోహలు - వాస్తవాలు

బాలానగర్‌లో ఓ హీట్ ట్రీట్‌మెంట్ షాపులో ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. డైలు, పంచ్‌లు, కట్టర్లు ఎర్రగా కాల్చడం, నూనెలో ముంచడం, మళ్లీ కాస్త వేడిచేసి పెళుసుదనం తగ్గించడం (దీన్నే టెంపర్ అంటాం)... వారమంతా ఇదే పని. ఆదివారం వస్తే సింగూరు వైపో, నాగార్జునసాగర్ వెనక నీళ్ల వైపో గాలం పట్టుకొని పోతాను. ఈ రెండు పిచ్చులూ ఒక్కడికే ఉండటంతో మా బ్యాచ్‌లో ఎవరి ప్లయర్‌కు జంగు పట్టినా, ఎవరి కట్టర్ అంచు వంగినా అది నా దగ్గరికే వస్తుంది.

అలా వచ్చినవాటిని చూసీ చూసీ నాకొకటి అర్థమైంది. డబ్బా మీద రాసిన లోహం పేరు చూసి కొన్నవాళ్లే ఎక్కువగా బోల్తా పడ్డారు. చేపల ప్లయర్ పాడయ్యేది మూడు చోట్ల: కీలు దగ్గర, కట్టర్ అంచున, పిడుల మధ్య స్ప్రింగ్‌లో. కొనేటప్పుడు ఆ మూడూ చూసేవాళ్లు తక్కువ. రాణిగంజ్‌లో కొన్నా, బేగంబజార్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా చెవిన పడే మాటలు మాత్రం ఇవే.

అపోహ: అయస్కాంతం అతుక్కుంటే అది స్టెయిన్‌లెస్ కాదు

ఇది ఎంత గట్టి నమ్మకమంటే, జేబులో అయస్కాంతం వేసుకొని షాపుకు వచ్చేవాళ్లను చూశాను. "చూడు సేట్, అతుక్కుంటోంది, మామూలు ఇనుమే ఇది" అంటూ పక్కన పడేస్తారు. ఒక్కోసారి ఆ పక్కన పడేసిందే మంచిది.

స్టెయిన్‌లెస్ అంటే ఒకే లోహం కాదు. కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్న ఉక్కు రకాలన్నిటికీ కలిపి ఆ పేరు. 304 అనే రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మామూలుగా అయస్కాంతం దీన్ని పట్టించుకోదు, తుప్పును కూడా బాగా ఆపుతుంది. కానీ దీన్ని ఎంత కాల్చినా, ఎందులో ముంచినా గట్టిపడదు. మా కొలిమిలో పెట్టినా దండగే. 420 రకం వేరు. క్రోమియం 12 నుంచి 14 శాతం, కార్బన్ కాస్త ఎక్కువ. దీన్ని కాల్చి ముంచితే, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేల్ మీద 50 దాకా గట్టిపడుతుంది. అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది. అదీ స్టెయిన్‌లెస్సే. వంటింట్లో స్టీల్ పళ్లెం దగ్గర, కూరగాయల కత్తి దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి. పళ్లేన్ని చాలాసార్లు వదిలేసి కత్తిని పట్టుకుంటుంది. అంచు నిలవాల్సిన చోట 420 లాంటి ఉక్కే కావాలి కాబట్టి.

ప్లయర్‌కు కూడా అంతే. అస్సలు అతుక్కోని స్టెయిన్‌లెస్ ప్లయర్‌కు, అదే లోహంతో చేసిన కట్టర్ ఉంటే, పది కొక్కేలు కోసేసరికి ఆ అంచు మీద గుంటలు పడతాయి. అతుక్కునేదానికి తుప్పు కొంచెం త్వరగా వస్తుంది, దాన్ని తుడుచుకోవచ్చు. మెత్తటి అంచును మాత్రం మీరేం చేసినా గట్టిపరచలేరు.

అపోహ: గండిపేట నీళ్లలో ఉప్పెక్కడిది, తుప్పెలా పడుతుంది?

తుప్పుకు ఉప్పు తప్పనిసరి కాదు. నీరు, గాలిలోని ఆక్సిజన్ ఉంటే చాలు. ఉప్పు ఆ పనిని తొందరపెడుతుంది, అంతే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందుకే సూర్యలంక వెళ్లొచ్చిన ప్లయర్ వారంలో ఎర్రబడుతుంది, సింగూరు వెళ్లొచ్చింది రెండు మూడు నెలలు తీసుకుంటుంది.

మన దగ్గర అసలు దొంగ నీళ్లు కాదు, ఎర. బొచ్చెకూ రోహుకూ వేరుశనగ చెక్క, తవుడు, బ్రెడ్డు కలిపి ముద్ద చేస్తాం కదా. కొందరు బెల్లం, చిటికెడు ఉప్పు కూడా వేస్తారు. ఆ చేత్తోనే ప్లయర్ పట్టుకుంటాం. ముద్ద కీలు సందులోకి పోయి, బండి డిక్కీలో ఎండకు పులిసి, పుల్లటి తేమగా అక్కడే ఉండిపోతుంది. పైకి తళతళలాడుతున్న ప్లయర్ ఒకరోజు తెరుచుకోదు. నా దగ్గరికి వచ్చిన బిగుసుకుపోయిన ప్లయర్లలో చాలావాటి కీలు తెరిస్తే లోపల కనిపించింది గట్టిపడిన తవుడు ముద్దే.

ఇంటికి రాగానే పాత టూత్‌బ్రష్‌తో, మంచినీళ్ల కింద, నోరు తెరిచిపెట్టి కీలు రుద్దండి. దులపండి, గుడ్డతో తుడవండి, తెరిచే ఆరబెట్టండి. ఆరాక కీలులో కుట్టుమిషన్ నూనె ఒక చుక్క. రెండు నిమిషాల పని.

నూనె అన్నాను కాబట్టి కొబ్బరి నూనె సంగతి. చాలామంది అదే రాస్తారు, ఇంట్లో ఉంటుంది కాబట్టి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున చెరువు గట్టు మీద కీలు బంక పట్టినట్టు కదులుతుంది. తలకు రాసుకోండి, ప్లయర్‌కు వద్దు.

డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే చాలనేది ఇంకో మాట. ఆ పేరులోనే విషయం ఉంది: వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే నీటిని పక్కకు నెట్టేది, నలభయ్యో ప్రయత్నం. 1953లో అమెరికాలో తయారైంది. తడి తరమడానికి, బిగిసింది వదిలించడానికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయి పల్చటి పొర మాత్రమే మిగులుతుంది. ముందు అది కొట్టండి, తుడవండి, ఆ తర్వాత నూనె చుక్క వేయండి.

అపోహ: జంగు పడితే చింతపండు, నిమ్మకాయ ఉప్పు రుద్దితే చాలు

రాగి చెంబు తోమే పద్ధతి ఇది. ఉక్కు మీద కూడా పులుపు తుప్పును కరిగిస్తుంది, అబద్ధం కాదు. తర్వాత కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే గంటలో మళ్లీ పసుపుపచ్చగా తుప్పు లేస్తుంది. ఉప్పు కలిపారంటే మరీ ఘోరం, పైన చెప్పిన సముద్రాన్ని ఇంటికే తెచ్చుకున్నట్టు. టంగ్‌స్టన్ కార్బైడ్ కట్టర్లున్న ప్లయర్‌నైతే పులుపులో అస్సలు నానబెట్టవద్దు. ఆ కార్బైడ్ రేణువులను పట్టి ఉంచేది సాధారణంగా కోబాల్ట్, దాన్ని ఆమ్లం తినేస్తుంది.

అపోహ: బిగిసిన కీలును గ్యాస్ స్టవ్ మీద వేడి చేస్తే వదులుతుంది

వదులుతుంది. ప్లయర్ కూడా పోతుంది.

మా వీధి కుర్రాడొకడు ఇలాగే చేసి తెచ్చాడు. "అంకుల్, కీలు బానే తిరుగుతోంది గానీ తంగూసు కూడా తెగట్లేదు" అన్నాడు. చూస్తే దవడల మీద నీలి రంగు. ఉక్కు వేడెక్కుతున్నకొద్దీ పైన రంగులు మారుతాయి. మామూలు కార్బన్ ఉక్కు మీద గడ్డి పసుపు వచ్చేసరికి 220 డిగ్రీలు దాటుతుంది, నీలం వచ్చేసరికి 300 దగ్గరికి చేరుతుంది. మాలాంటివాళ్లు షాపులో గంటలు లెక్కపెట్టి, మీటర్ చూసుకుంటూ ఇచ్చిన టెంపర్ అంతా ఆ రెండు నిమిషాల మంటలో పోయింది. అంచు మెత్తబడింది. మళ్లీ గట్టిపరచవచ్చా అన్నాడు. పరచవచ్చు, కానీ ఆ ఖర్చుకు కొత్తది వస్తుంది. బిగిసిన కీలుకు రాత్రంతా నూనెలో నానడమే మందు. పొద్దున్నే కొంచెం కొంచెంగా కదిలించండి.

అపోహ: అల్యూమినియానికి తుప్పు రాదు, కాబట్టి సముద్రానికి అదే బెస్ట్

ఎర్ర తుప్పు రాదు, నిజం. తేలిక కూడా, ఉక్కు బరువులో మూడో వంతు. కానీ ఈ రకం చేపల ప్లయర్లలో చాలావరకు ఒళ్లు మాత్రమే అల్యూమినియం. దవడలు, స్క్రూలు, కీలు పిన్ను ఉక్కువి. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉప్పునీళ్లలో తడిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో అరిగిపోయేది అల్యూమినియం. పైన రంగుల ఆనోడైజింగ్ పొర కాపాడుతుంది కానీ స్క్రూ బిగించే రంధ్రం దగ్గర అది గీసుకుపోయి ఉంటుంది.

మా బ్యాచ్‌లో ఒకాయన బాపట్ల వైపు వెళ్లొచ్చి, సంచీని నెల రోజులు కారులోనే వదిలేశాడు. స్క్రూల చుట్టూ తెల్ల పొడి ఉబికి, కట్టర్ మార్చుదామంటే స్క్రూ తలలు తిరగలేదు. ఆ తెల్ల పొడి లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే మరలు బిగుసుకుంటాయి. చివరికి డ్రిల్ చేసి తీయాల్సి వచ్చింది. ఆయన కంపెనీని తిట్టాడు, నేను ఆయన్ను తిట్టాను. అల్యూమినియం కొంటే కొత్తగా ఉన్నప్పుడే స్క్రూలు విప్పి, మరలకు కాస్త గ్రీజు పూసి బిగించండి. మంచినీళ్లలో ఈ గొడవ చాలా తక్కువ. మన చెరువులకు అల్యూమినియం హాయిగా సరిపోతుంది.

అపోహ: మూతి ఎంత పొడుగుంటే అంత మంచిది

కొర్రమట్ట ఫ్రాగ్‌ను (కప్ప ఆకారంలో ఉండే ఉత్తుత్తి ఎరను) మింగేసినప్పుడు పొడుగు మూతి అవసరమే. వాలుగ నోట్లో అయితే వేలు పెట్టే ఆలోచనే వద్దు, వరసలు వరసలుగా పళ్లు. కానీ పొడుగుకు ఒక ఖర్చుంది. లెక్క చూడండి. కీలు నుంచి పది సెంటీమీటర్ల దూరంలో మీరు 20 కిలోల బలంతో నొక్కారనుకోండి. కీలుకు రెండున్నర సెంటీమీటర్ల దగ్గర 80 కిలోల పట్టు వస్తుంది. అదే ఆరు సెంటీమీటర్ల దూరంలోని మూతి కొస దగ్గర 33 కిలోలే. దానికితోడు సన్నటి కొసలు పక్కకు మెలి తిరుగుతాయి. కొసతో పట్టి చేతిని గిర్రున తిప్పితే కీలు వదులవుతుంది, ఆ తర్వాత కట్టర్ అంచులు ఒకదానికొకటి కలవవు. ఏడు అంగుళాల ప్లయర్ మన చేపలకు చాలు. కొక్కేన్ని కొసతో పట్టి, వచ్చిన దారినే వెనక్కి నెట్టాలి. మెలిపెట్టకూడదు.

బరువుంటే బలమనేది కూడా ఈ కోవదే. లావు పోత దవడ కన్నా, కాల్చి సాగగొట్టి చేసిన సన్నటి ఫోర్జింగ్ దవడ గట్టిది.

అపోహ: కట్టర్ పదునుంటే ఏదైనా తెగుతుంది

తంగూసు దేనితోనైనా తెగుతుంది. బ్రెయిడ్ దగ్గరే తేలుతుంది అసలు సంగతి. అది పాలిథిలీన్ పోగులతో అల్లిన దారం, సన్నగా, జారుడుగా ఉంటుంది. రెండు అంచుల మధ్య వెంట్రుకంత సందున్నా అందులో మడతపడి జారిపోతుంది. అక్కడ పదును కన్నా అంచులు సరిగ్గా కలవడం ముఖ్యం. అందుకే వీధిలో కత్తులు సానబెట్టేవాళ్లకు ప్లయర్ కట్టర్ ఇవ్వకండి. రెండు అంచులూ చెరో రకంగా అరిగి సందు పెరుగుతుంది.

కార్బైడ్ కట్టర్ బ్రెయిడ్‌కు బాగుంటుంది. కానీ అది గట్టిదే గానీ పెళుసు. స్టీలు తీగను పట్టి అటూ ఇటూ ఊపుతూ కోస్తే అంచు పెచ్చులూడుతుంది. కొక్కెం కోయడానికి సంచీలో వేరే కట్టర్ ఉంచుకోండి. ఇది చేపల కోసం కాదు, మీ కోసం. ముల్లున్న కొక్కెం వేలిలో లోతుగా దిగితే లాగకండి. కాడను బయట కోసేసి, ఆసుపత్రికి వెళ్లి తీయించుకోండి, టీటీ సంగతి డాక్టరుతో మాట్లాడండి.

షాపులో చూడాల్సింది ఇదీ: నోరు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. కొసలు ముందు కలవాలి, కీలు వైపు సన్నటి సందున్నా ఫర్వాలేదు. కట్టర్ అంచుల మధ్య మాత్రం వెలుతురు రాకూడదు. రెండు పిడులూ పట్టి పక్కలకు ఊపండి, టకటకమంటే వదిలేయండి. కీలు రివిట్‌తో బిగించారా, స్క్రూతోనా చూడండి. స్క్రూ అయితే వదులైనప్పుడు బిగించుకోవచ్చు. స్ప్రింగ్ నల్లగా ఉంటే చాలావరకు మామూలు ఉక్కు, ముందు పోయేది అదే. జేబులో జానెడు బ్రెయిడ్ ముక్క తీసుకెళ్లి, లాగి పట్టకుండా వదులుగా కోసి చూడండి. సేట్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

పిడుల మీద మందపాటి రబ్బరు తొడుగుంటే జాగ్రత్త. లోపలికి పోయిన నీరు బయటికి రాదు. ఎలక్ట్రీషియన్ల ప్లయర్‌లో నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. లేదంటే చెరువు గట్టు మీద నోస్ ప్లయర్ మహారాజులా పనిచేస్తుంది. పదేళ్లు దానితోనే నెట్టుకొచ్చాను.

అపోహ: టైటానియం కొంటే జీవితాంతం చూసుకోనక్కర్లేదు

సముద్రపు నీరు టైటానియాన్ని ఏమీ చేయలేదు. నిజంగానే గొప్ప లోహం. కానీ కట్టర్‌గా పనికిరాదు. సాధారణంగా వాడే గ్రేడ్ 5 రకం గట్టిదనం రాక్‌వెల్ సి మీద 36 దగ్గర ఆగిపోతుంది, అందుకే వాటికీ కార్బైడ్ కట్టర్లే బిగిస్తారు. అవి అరుగుతాయి, ఊడతాయి, మార్చాలి. నెలకోసారి కూడా సముద్రం చూడనివాళ్లకు అంత డబ్బు ఎందుకో నాకు అర్థం కాదు. ఆ డబ్బుతో మంచి రీల్ కొనుక్కోవచ్చు.

ఇంకో విషయం. తేలిగ్గా ఉంటుంది కాబట్టి నీళ్లలో తేలుతుందనుకునేవాళ్లు కూడా ఉన్నారు. నీటికన్నా నాలుగున్నర రెట్లు సాంద్రత దానిది, రాయిలా మునుగుతుంది. నా అనుభవంలో జంగు తిన్న ప్లయర్ల కన్నా నీళ్లు మింగినవే ఎక్కువ. నడుముకు కట్టుకునే స్ప్రింగు తాడు వందో రెండు వందలో పెడితే వస్తుంది. ఆ తాడు లేకుండానే ఒకసారి స్నేహితుడి టైటానియం ప్లయర్ అడిగి తీసుకొని నాగార్జునసాగర్‌లో తెప్ప మీద కూర్చున్నాను. కొర్రమట్ట ఒక్క గింజుడు గింజుకుంది. చేప తెప్పలోనే ఉంది, ప్లయర్ లేదు. "పోనీలేరా, దానికి తుప్పు పట్టదుగా" అన్నాడు వాడు. డబ్బులు మాత్రం మూడు నెలల వాయిదాల్లో వసూలు చేశాడు.