మొదటి పది పేజీలే ఎందుకంత బరువు?

పోయిన బుక్ ఫెయిర్‌లో ఆరు పుస్తకాలు కొన్నా. సంక్రాంతి పోయింది, ఉగాది కూడా వచ్చేసింది, ఒక్కటీ ఇరవయ్యో పేజీ దాటలేదు. ఎవరడిగినా టైమ్ ఎక్కడుంది అండీ అని తప్పించుకుంటూ వచ్చా, ఒకరోజు మాత్రం కూర్చుని లెక్కేశా. మార్క్ బ్రిస్‌బార్ట్ అనే బెల్జియం సైకాలజిస్ట్ 2019లో అప్పటిదాకా వచ్చిన 190 స్టడీలు ఒకచోట చేర్చి, ఇంగ్లీష్ చదివే పెద్దవాళ్ళు కథలూ నవలలూ అయితే నిమిషానికి సుమారు 260 పదాలు చదువుతారని తేల్చాడు. రోజుకి 20 నిమిషాలంటే 5,200 పదాలు, 80,000 పదాల నవల పదహారు రోజుల్లో అయిపోవాలి. (తెలుగుకి ఈ లెక్క సరిపోదు లెండి, మనం 'వెళ్ళలేకపోయినందుకు' అని ఒక్క మాటలో అనేసేది వాళ్ళకి నాలుగైదు మాటలు.) మియాపూర్ నుంచి అమీర్‌పేటకి మెట్రోలో నాకు రోజూ పట్టేది దాదాపు ఆ ఇరవై నిమిషాలే, ఆ టైమంతా రీల్స్‌కే పోతోంది. అంటే టైమ్ ఉంది. మరి పుస్తకం తెరవగానే ఆ బరువేంటి?

ముందు కంటి సంగతి చూద్దాం. చదివేటప్పుడు చూపు లైను మీద నున్నగా జారుకుంటూ పోతుందనుకుంటాం కానీ అలా పోదు, పిచ్చుక గెంతినట్టు గెంతుతుంది. ఒక చోట సెకనులో పావు వంతు ఆగుతుంది, టక్కున ఏడెనిమిది అక్షరాలు దూకుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఈ గెంతుల్ని సకేడ్లు అంటారు. 1870ల చివర్లో ప్యారిస్‌లో ఎమిల్ జవాల్ అనే కంటి డాక్టర్ దగ్గర ఈ విషయం బయటపడిందని చెబుతారు, పాపం ఆయనే తర్వాత గ్లకోమాతో పూర్తిగా చూపు పోగొట్టుకున్నాడు. గెంతుతున్నంత సేపూ మనకి దాదాపు ఏమీ కనపడదు. నమ్మకం లేకపోతే అద్దం ముందు నిలబడి ఎడమ కన్ను, కుడి కన్ను మార్చి మార్చి చూసుకోండి, మీ కళ్ళు కదలడం మీకు అస్సలు కనపడదు. అదే ఫోన్ సెల్ఫీ కెమెరాలో కనపడుతుంది, ఎందుకంటే అది బొమ్మని కొంచెం లేటుగా చూపిస్తుంది.

కన్ను ఆగినప్పుడైనా స్పష్టంగా కనపడేది చాలా తక్కువ, చెయ్యి చాపి పట్టుకుంటే బొటనవేలు ఎంత వెడల్పు ఉంటుందో అంతే. 1975లో మెకాన్కీ, రేనర్ అనే ఇద్దరు ఒక తమాషా ప్రయోగం చేశారు. స్క్రీన్ మీద కన్ను ఎక్కడ పడితే అక్కడ కొన్ని అక్షరాలు మాత్రమే అసలువి, మిగతా చోటంతా పనికిరాని అక్షరాలు, చూపుతో పాటే ఆ కిటికీ కూడా జరుగుతుంది. ఆ పద్ధతిలో చేసిన ప్రయోగాలన్నీ కలిపి తేలిందేంటంటే ఇంగ్లీష్ చదివేవాళ్ళకి ఎడమవైపు మూడు నాలుగు అక్షరాలు, కుడివైపు పద్నాలుగు పదిహేను అక్షరాలు కనపడితే చాలు, పేజీ మిగతా అంతా చెత్త అయినా మామూలు స్పీడులోనే చదివేస్తారు. అందుకే పేజీని ఒక్క చూపులో మింగేయడం నేర్పిస్తాం అనే స్పీడ్ రీడింగ్ కోర్సులకి డబ్బులు కట్టకండి, కంటికే ఆ సదుపాయం లేదు. చదివిన లైనే మళ్ళీ చదువుతున్నానని నేను తెగ సిగ్గుపడేవాణ్ణి, బాగా చదివేవాళ్ళ గెంతుల్లో కూడా నూటికి పది పదిహేను వెనక్కేనట.

అసలు చిక్కు కంటి వెనకాల ఉంది. మనిషి రాయడం మొదలెట్టి ఐదువేల ఏళ్ళు దాటింది అంతే, చదవడం కోసమని మెదడులో ప్రత్యేకంగా ఒక భాగం తయారవడానికి అది చాలదు. ఫ్రాన్స్‌కి చెందిన మెదడు శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ చెప్పేదేంటంటే వస్తువుల్నీ మొహాల్నీ గుర్తుపట్టే చోటులోనే కొంచెం జాగా అక్షరాలు ఆక్రమించుకున్నాయి, మెదడు ఎడమ వైపు కింద, వెనక భాగంలో. పెద్దయ్యాక నేర్చుకున్నా మెదడులో మార్పు వస్తుంది. లక్నో దగ్గర పల్లెల్లో చదువురాని వాళ్ళకి ఆరు నెలలు హిందీ అక్షరాలు నేర్పి ముందూ తర్వాతా స్కాన్ చేస్తే తేడా కనపడిందని 2017లో ఒక పేపర్ వచ్చింది.

ఇలా కట్టుకున్న దానికి వాడకం కావాలి. తరచూ చూడని మాట దగ్గర కన్ను ఎక్కువసేపు ఆగుతుంది, ఇది ఎన్నోసార్లు రుజువైన విషయం. నేను పదేళ్ళుగా పొద్దున్నించి రాత్రిదాకా చదివేది ఇంగ్లీష్ మెయిల్సే, ఇంట్లోవాళ్ళతో చాటింగ్‌లో తెలుగు కూడా ఇంగ్లీష్ అక్షరాల్లోనే. అలాంటి కంటికి ఒక్కసారిగా 'గుంజాటన', 'ఉస్సురుమంటూ' ఎదురైతే అక్కడే బ్రేకులు, ఒత్తులూ దీర్ఘాలూ కూడబలుక్కోవాల్సి వస్తోంది. మనసుకున్న ధ్యాస అంతా మాట పోల్చుకోవడానికే ఖర్చయిపోతే కథకి ఏం మిగులుతుంది? ఆరో క్లాసులో నవల పట్టుకుంటే అన్నానికి లేవనివాణ్ణి, ఇప్పుడు బోర్ కొడుతోందంటే పుస్తకం మీదే నేరం మోపాను.

ఇంకోటుంది. 2009లో సోఫీ లెరాయ్ అనే ఆవిడ, ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్తే ధ్యాస మొత్తం వెంట రాదు, కొంత పాత పని దగ్గరే అతుక్కుపోతుందని చూపించింది. ఆఫీస్ కాల్ పెట్టేసి ఆ నిమిషంలోనే నవల తెరిస్తే అయ్యేది అదే. మొదటి దోశ పెనానికి అంటుకుందని పిండి పారబోస్తామా? నేను పుస్తకాల విషయంలో రోజూ అదే చేశా.

పేపర్ మీదే చదవాలా అని చాలామంది అడుగుతారు. 2018లో 54 స్టడీలు, లక్షా డెబ్బై వేల మందికి పైగా కలిపి చూస్తే సమాచారం చదివేటప్పుడు పేపర్‌దే కొంచెం పైచేయి, అదీ టైమ్ తక్కువున్నప్పుడు ఎక్కువ. కథల దగ్గర మాత్రం తేడా దొరకలేదు. కాబట్టి ఫోన్‌లో నవల చదివినా ఫర్వాలేదు, పైనుంచి నోటిఫికేషన్లు రాలకుండా చూసుకోవాలి అంతే.

నేను చేసింది చెప్తా. కొత్త పుస్తకాలు పక్కన పెట్టి, చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళింట్లో చదివిన ఒక పాత డిటెక్టివ్ నవల తీశా, హంతకుడెవరో ముందే తెలుసు కాబట్టి బుర్రకి సగం పని తప్పుతుంది. సాఫ్ట్‌వేర్ బుద్ధి పోదు కదా, పేజీకి ఎంతసేపు పడుతోందో ఫోన్‌లో టైమర్ పెట్టి రాసుకున్నా. మొదటి వారం మూడున్నర నిమిషాలు, మూడో వారానికి రెండుకి దిగింది, భలే అనుకున్నా. తర్వాత ఫెయిర్‌లో కొన్నవాటిలో ఒకటి మొదలుపెడితే కొన్ని పేజీలకి ఉన్నట్టుండి నాలుగు నిమిషాలు పడుతోంది, మళ్ళీ మొదటికొచ్చిందని దిగులేసింది.

అప్పుడు దొరికింది విక్టర్ నెల్ అనే సౌత్ ఆఫ్రికా సైకాలజిస్ట్ 1988లో వేసిన పేపర్. సరదా కోసం చదివేవాళ్ళని కూర్చోబెట్టి కొలిస్తే, వాళ్ళకి బాగా నచ్చిన పేజీల్ని మిగతావాటికంటే నిదానంగా చదివారట. నా లిస్టు తీసి చూసుకున్నా. నాలుగు నిమిషాలు పట్టినవన్నీ ఆ కొత్త పుస్తకంలో ఒక ముసలాయన చెరువుగట్టు మీద కూర్చునే పేజీలే.

నిన్న రాత్రి కూడా టైమర్ పెట్టే మొదలెట్టా. పేజీ తిప్పినప్పుడల్లా నొక్కాలి కదా, ఎక్కడ మర్చిపోయానో తెలీదు, నిద్రొచ్చి ఫోన్ చూస్తే ఒకే పేజీకి యాభై మూడు నిమిషాలు చూపిస్తోంది.