కాపాడినవాళ్ళ గాయాన్ని ఒప్పుకోవడానికి దాదాపు 150 ఏళ్ళు

1865 జూన్ 9. ఇంగ్లండ్‌లో స్టేపుల్‌హర్స్ట్ అనే ఊరి దగ్గర చిన్న వంతెన మీద పట్టాలు ఊడదీసి కింది దుంగలు మార్చే పని జరుగుతోంది. ఊడదీసినవి మళ్ళీ బిగించకముందే రైలు వచ్చేసింది. పెట్టెలు వంతెన కింద పడ్డాయి, 10 మంది చనిపోయారు. నవలాకారుడు ఛార్లెస్ డికెన్స్ కూర్చున్న పెట్టె మాత్రం అంచున వేలాడుతూ ఆగిపోయింది. బయటపడ్డ ఆయన టోపీలో నీళ్ళు తెచ్చి, తన దగ్గరున్న బ్రాందీ కొద్దికొద్దిగా తాగిస్తూ గాయపడ్డవాళ్ళ మధ్య తిరిగాడు. కొందరు ఆయన చూస్తుండగానే ప్రాణం విడిచారు. ఆ సమయంలో తనకేమీ కంగారు పుట్టలేదని ఆయనే రాసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత మిత్రుడికి అదే సంగతి ఉత్తరంలో రాస్తుంటే మాత్రం వణుకు మొదలై, అక్కడితో ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత గుర్రబ్బండిలో వెళ్తున్నా ఉన్నట్టుండి భయం ముంచుకొచ్చేది.

అక్కడున్నంతసేపూ నిబ్బరం, ఇంటికొచ్చాక వణుకు. ఈ వరసను ఇవాళ ఏ ఫైర్ స్టేషన్‌లో చెప్పినా వెంటనే గుర్తుపడతారు. అప్పటి డాక్టర్ల ఆలోచన వేరు. మరుసటి ఏడాది, 1866లో, జాన్ ఎరిక్ ఎరిక్సన్ అనే లండన్ సర్జన్ రైలు ప్రమాదాల్లో వెన్నుకు తగిలే కుదుపే ఇలాంటి బాధలకు మూలమని వాదించాడు. 1915లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, ఛార్లెస్ మైయర్స్ అనే బ్రిటిష్ డాక్టర్ మనసు చెదిరిన సైనికుల గురించి ‘షెల్ షాక్’ అనే మాటను వైద్య పత్రికకు ఎక్కించినప్పుడూ చూపు పేలుడు మీదే ఉంది. గుండు దరిదాపుల్లో పేలనివాళ్ళకూ అవే లక్షణాలున్నాయని మైయర్సే తర్వాత గ్రహించాడు. ఈ లెక్కన గాయం ప్రమాదంలో చిక్కుకున్నవాడిది. బయటినుంచి పరుగెత్తుకొచ్చినవాడికి వెన్నూ కుదపలేదు, గుండూ పేలలేదు. అతన్ని ఏ వరసలో వేయాలో ఎవరికీ తోచలేదు.

విచిత్రమేమిటంటే, అతన్ని డాక్టర్ల పుస్తకాలకన్నా ముందే ఒక కోర్టు గుర్తించింది. 1957 డిసెంబర్ 4న లండన్‌లోని లూయిషమ్‌లో పొగమంచులో రెండు రైళ్ళు ఢీకొని 90 మంది చనిపోయారు. దగ్గర్లోనే ఉండే హెన్రీ చాడ్విక్ కిటికీ అద్దాలు తుడిచే పని చేసేవాడు. సన్నటి మనిషి కావడంతో నుజ్జయిన పెట్టెల్లోకి దూరగలిగి, రాత్రంతా సాయం చేశాడు. ఒంటికి పెద్దగా దెబ్బ తగల్లేదు గానీ, మనసు చెదిరి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఆయన పోయాక, 1967లో, భార్యకు నష్టపరిహారం దక్కింది.

ఆ దారి ఎంతోకాలం తెరిచి ఉండలేదు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియం తొక్కిసలాటలో ఊపిరాడక ప్రాణాలు పోతున్నవాళ్ళకు సాయపడ్డ కొందరు పోలీసులు కోర్టుకెళ్ళారు. 1998 డిసెంబర్‌లో, అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్ళ దావా కొట్టేసింది. తమ ప్రాణానికి ప్రమాదం ఉంటేనో, ఉందని న్యాయంగా భయపడితేనో తప్ప కాపాడినంత మాత్రాన ప్రత్యేక హక్కు రాదంది. జడ్జీల ఇబ్బంది అర్థం కాకపోదు. అప్పటికే, చనిపోయినవాళ్ళ తల్లిదండ్రులు, తోబుట్టువులు వేసిన దావాలు కొట్టేశారు. వాళ్ళకు లేనిది పోలీసులకు ఇస్తే జనం ఏమంటారు? పైగా దుర్ఘటనలో పోలీసు శాఖ తప్పే ఉంది. అయినా, మనసు దెబ్బతినడానికి సొంత ప్రాణం మీదికి రావాలన్న షరతు ఎరిక్సన్ కాలపు ఆలోచనకు మరీ దూరమేమీ కాదు.

వైద్యం వైపు పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసును వెంటాడే జబ్బు) అన్న పేరు 1980లో, మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి వాడే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పుస్తకంలోకి వచ్చింది, ఎక్కువగా వియత్నాం సైనికుల పోరాటం వల్ల. మామూలు మనిషి అనుభవాల పరిధికి బయటి ఘటన జరిగి ఉండాలన్నది అప్పటి నిర్వచనం. అంబులెన్స్‌లో పనిచేసేవాడికి అది ఎలా అతుకుతుంది? అతనికి అది మంగళవారం డ్యూటీ.

1983 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలో ‘యాష్ వెడ్నెస్‌డే’ కార్చిచ్చులు 75 మందిని బలిగొన్నాక, అలెగ్జాండర్ మెక్‌ఫార్లేన్ అనే సైకియాట్రిస్టు మంటలార్పిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించాడు. కొందరికి లక్షణాలు నెలలు గడిచాక గానీ బయటపడలేదు. మొదట్లో బాగున్నాడు కాబట్టి వీడికేం కాలేదనుకునే అలవాటుకు అది గట్టి దెబ్బ. చివరికి 2013లో, అదే అమెరికన్ పుస్తకం ఐదో కూర్పు, పనిలో భాగంగా ఘోరమైన వివరాలను పదేపదే ఎదుర్కోవడం కూడా కారణమేనని రాసింది. ఉదాహరణ కూడా అందులోనే ఉంది: మానవ అవశేషాలను ఏరే ఫస్ట్ రెస్పాండర్లు, అంటే ప్రమాదస్థలానికి ముందుగా చేరే సిబ్బంది.

చికిత్స కథలో ఒక తప్పటడుగు ఉంది. 1983లో జెఫ్రీ మిచెల్ డిబ్రీఫింగ్ పద్ధతిని ప్రతిపాదించాడు: ఘటన జరిగిన కొద్ది రోజుల్లో సిబ్బందిని కూర్చోబెట్టి ఏం చూశారో చెప్పించడం. ఉద్దేశం మంచిదే, చాలా శాఖలు అందుకున్నాయి. ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడిస్తే పీటీఎస్‌డీ రాకుండా ఆగదని, కొందరికి చెడే జరగొచ్చని 2002లో, వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి తూచే కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ పరీక్షలు ఎక్కువగా ప్రమాద బాధితుల మీద జరిగాయని, సిబ్బంది బృందాల మీద కాదని సమర్థకులు వాదిస్తారు. అందులో కొంత నిజముంది. కానీ ఆ మీటింగ్ పెట్టేసి పని అయిపోయిందనుకునే పైఅధికారికి అది మంచి సాకు కూడా.

ఇప్పుడు గట్టి ఆధారాలున్న చికిత్సల్లో ఒకటి ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. వినడానికి మోటుగా ఉంటుంది. కళ్ళు మూసుకుని, వెంటాడుతున్న ఆ ఒక్క కాల్‌ను, అంటే పిలుపు వస్తే వెళ్ళిన ఆ ఘటనను, ఇప్పుడే జరుగుతున్నట్టు పైకి చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇస్తారు, ఇంట్లో రోజూ వినాలి. ఫైర్ ఉద్యోగి మొదటిసారి చెప్పేది రిపోర్టులా ఉండొచ్చు: కారు, ఇద్దరు, తలుపు కోశాం, బయటికి తీశాం. రెండు నిమిషాల్లో ముగించేస్తాడు. నాలుగోసారికో ఐదోసారికో వెనక సీట్లో పడున్న చిన్న చెప్పు బయటికొస్తుంది. పెట్రోల్ బంకులో డీజిల్ వాసన తగిలితే చాలు, అప్పటిదాకా ఆ చెప్పు అతని కళ్ళముందే ఉండేది. చెప్పగా చెప్పగా గుండెదడ తగ్గుతుంది, అది ఆరేళ్ళ కిందటి సంగతి అవడం మొదలవుతుంది. సైరన్‌కు ఒళ్ళు బిగుసుకోవడం కొందరిలో మిగిలిపోతుంది. కానీ రాత్రి మూడింటికి లేచి కూర్చోవడం, హోటల్‌లో తలుపు కనిపించే కుర్చీ కోసం వెతుక్కోవడం తగ్గుతాయి.

అయితే చికిత్సదాకా రావాలంటే ముందు చెప్పుకోవాలి. చెబితే డ్యూటీ తీసేస్తారని, తోటివాళ్ళు చిన్నచూపు చూస్తారని టెన్షన్. దానికితోడు, పరిహారం కావాలంటే జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందని నిరూపించాల్సింది చాలాచోట్ల ఉద్యోగే. ఇరవై ఏళ్ళ సర్వీసులో వేల కాల్స్ ఉంటాయి, అతను ఏది చూపించాలి? కెనడాలోని అల్బెర్టా 2012లో, ఒంటారియో 2016లో ఈ భారాన్ని తిప్పేశాయి. ఒంటారియోలో ఫైర్, పోలీసు, అంబులెన్స్ సిబ్బందికి సైకియాట్రిస్టో సైకాలజిస్టో పీటీఎస్‌డీ అని నిర్ధారిస్తే అది పని వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది. కాదనేవాళ్ళే ఆధారం చూపాలి.