దద్దుర్లకు సూది టెస్టు ఎందుకు చేస్తున్నారు?

దద్దుర్లు 6 వారాలు దాటినా వస్తూ పోతూ ఉంటే దాన్ని క్రానిక్ అర్టికేరియా అంటారు. ఇంట్లోవాళ్లు మాత్రం "ఏదో పడట్లేదు, వంకాయ మానెయ్" అంటారు, ఆ తర్వాత ఎవరో ఒకరు చేతి మీద సూదులు గుచ్చే అలర్జీ టెస్టు చేయించుకోమంటారు. ఆ టెస్టు అసలు పుట్టింది ఈ జబ్బు కోసం కాదు.

1860ల్లో మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే డాక్టరు, ఏటా తనను పీడించే తుమ్ములకి గడ్డి పుప్పొడే కారణమా అని తేల్చుకోవడానికి తన చర్మాన్నే గీరి అక్కడ పుప్పొడి రుద్దుకున్నాడు, ఉబ్బింది. తర్వాత 1921లో ప్రావుస్నిట్జ్, క్యూస్ట్నర్ అని ఇద్దరు జర్మన్ డాక్టర్లు ఇంకా విచిత్రమైన పని చేశారు. క్యూస్ట్నర్‌కి చేప పడదు. అతని సీరాన్ని (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవాన్ని) ప్రావుస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారం ఎక్కిస్తే దద్దురు లేచింది! రక్తంలో ఏదో ఉందని అప్పుడు రుజువైంది, అది ఐజీఈ అనే యాంటీబాడీ అని 1960ల చివర్లో తేలింది. అంటే ఈ టెస్టు పట్టేది బయటి పదార్థం మీద ఐజీఈ ఉందా లేదా అన్నదే. తిన్న కాసేపటికే, తిన్న ప్రతిసారీ ఒళ్లంతా లేస్తోందంటే అప్పుడు ఇది పనికొస్తుంది.

క్రానిక్ దద్దుర్ల కథ వేరే. 1986లో ఇంగ్లండ్‌లో గ్రాటన్ బృందం ఈ రోగుల సీరాన్ని తిరిగి వాళ్ల చర్మంలోకే ఎక్కిస్తే కొందరికి దద్దురు వచ్చింది. 1993లో హిడే, గ్రీవ్స్ తదితరులు కారణం చూపించారు: కణాల మీద ఐజీఈ అతుక్కునే చోటు, అంటే రిసెప్టర్ మీదే శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటోంది. చాలామందిలో దొంగ ఇంట్లోనే ఉన్నాడు, మనం వంటింట్లో వంకాయని పట్టుకుని కొడుతున్నాం.

పైగా ఈ టెస్టుకి ముందు కొన్ని రోజులు దురద తగ్గించే యాంటీహిస్టమిన్ మాత్రలు ఆపాలి, ఇప్పటికే రాత్రంతా గోక్కుంటున్న మనిషికి అది నరకం. గీరితేనే ఉబ్బే చర్మమైతే పోల్చి చూడ్డానికి పెట్టే, మందేమీ లేని ఉప్పునీటి చుక్క దగ్గర కూడా దద్దురు లేస్తుంది, ఇక రిపోర్టుకి అర్థమేముంది? పాజిటివ్ వచ్చిన పేర్లన్నీ జబ్బుకి కారణాలు కూడా కావు. అయినా ఆ కాగితం పట్టుకుని పాలు, గుడ్లు, పప్పులు వరసగా మానేసేవాళ్లున్నారు.

అమెరికా అలర్జీ డాక్టర్ల సంఘం 2012లోనే ఈ జబ్బుకి రొటీన్‌గా టెస్టులు చేయొద్దని చెప్పింది. ఇప్పటి మార్గదర్శకాల్లో ఉన్నది మామూలు రక్తపరీక్ష, ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) చూపే ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ, స్పెషలిస్టు దగ్గరైతే థైరాయిడ్ యాంటీబాడీ, మొత్తం ఐజీఈ. మత్తు రాని యాంటీహిస్టమిన్‌ను డాక్టరు అవసరాన్ని బట్టి 4 రెట్ల దాకా పెంచుతారు, దానికీ లొంగకపోతే ఐజీఈని అడ్డుకునే ఒమలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది.