రోలర్ల పెట్టె కింద రాసున్న అంకెలు

డాలస్ నుంచి పెళ్లికొచ్చిన మా అక్క, రిసెప్షన్ రోజు సాయంత్రం విజయవాడలో జుట్టుకు వంకీలు తిప్పే తన హీటెడ్ రోలర్ల పెట్టెను ప్లగ్‌లో పెట్టింది. కాసేపటికే ప్లాస్టిక్ కాలిన వాసన, ఆ వెంటనే టప్‌మని చప్పుడు. "అడాప్టర్ పెట్టానుగా!" అంది భయంగా. పెట్టిన మాట నిజమే. కానీ అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది. గోడలోంచి వచ్చే వోల్టేజి ఉన్నదున్నట్టు లోపలికి పోతుంది.

అమెరికా ఇళ్లలో 120 వోల్టులు, మన దగ్గర 230. వోల్టేజి దాదాపు రెట్టింపు కాబట్టి వేడి కూడా రెట్టింపు అవుతుందని అనుకుంటాం. నిజానికి అంతకంటే చాలా ఎక్కువే. వేడెక్కే తీగ నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెద్దగా మారదు. వోల్టేజి పెరిగితే కరెంటు కూడా అంతే పెరుగుతుంది. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే వాటేజి. అందుకే అక్కడ 400 వాట్లు తీసుకునే పెట్టె ఇక్కడ సుమారు 1,470 వాట్లు లాగబోతుంది. ఇక్కడ కొన్నది అక్కడికి తీసుకెళ్తే పావు వంతుకు కాస్త ఎక్కువ శక్తి అందుతుంది. కాలిపోదు గానీ రోలర్లు సరిగా వేడెక్కవు.

ఫోన్ ఛార్జర్లే మనల్ని ఏమరుపాటులో పెట్టాయి. వాటిలో చాలావరకు ఎక్కడైనా పనిచేస్తాయి. రోలర్లు అలా కాదు. కొనేముందు పెట్టెను తిరగేసి, కింద 100 నుంచి 240 వోల్టులు అని ఉందో లేదో చూడండి. కొన్నిటికి వోల్టేజి మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని తిప్పడం మరిచిపోతే ప్రమాదమే. వోల్టేజిని మార్చే ట్రాన్స్‌ఫార్మర్ వాడొచ్చు గానీ, ఇంత వాటేజికి సరిపోయేది కిలోల బరువుంటుంది. పచ్చళ్లకే చాలని సూట్‌కేసులో దానికి చోటు దండగ.

రోలర్ లోపల ఏముందన్నది కూడా ముఖ్యమే. కొన్నిటిలో మైనం ఉంటుంది. మైనం కరిగేటప్పుడు ఎంతో వేడిని పీల్చుకుంటుంది, మళ్లీ గడ్డకట్టేటప్పుడు ఆ వేడినంతా మెల్లగా వదులుతుంది. అందుకే ప్లగ్ తీసేశాక కూడా ఇలాంటి రోలర్ చాలాసేపు వెచ్చగా ఉంటుంది. బరువు కాస్త ఎక్కువైనా, ఒత్తు జుట్టుంటే నేను దీన్నే ఎంచుకుంటాను. పలచని జుట్టుకు మైనం లేని తేలికపాటివి చాలు.

ఇక జుట్టు సంగతి. జుట్టులోని కెరాటిన్ అనే ప్రోటీన్ పోగుల్ని హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. వేడికి అవి విడిపోతాయి, చల్లారేటప్పుడు కొత్త వంపులో మళ్లీ అతుక్కుంటాయి. అంటే వంకీ నిలబడేది చల్లారేటప్పుడే. టైమ్ లేదని వేడిగా ఉండగానే రోలర్ లాగేస్తే పడ్డ శ్రమంతా వృథా. నీటి ఆవిరి తగిలినా ఈ బంధాలు వదులవుతాయి. విశాఖ ఉక్కపోతలో గంటకే కర్ల్స్ జారిపోవడానికి కారణం ఇదే. అలాంటి ఊళ్లో పెళ్లయితే కావలసిన దానికంటే కాస్త సన్నని రోలర్ చుట్టండి, గాలి తగిలి వంకీ సడలినా కొంత మిగులుతుంది. రోలర్ పూర్తిగా చల్లబడిందని చేతికి తెలిశాకే తీయండి.