రేడియేషన్ చదువా, స్పోర్ట్స్ సైన్సా? ఇంటర్ పిల్లల ఇళ్లలో వినిపించే అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో నేను పనిచేసే డయాగ్నొస్టిక్ సెంటర్‌కు మోకాలి ఎక్స్‌రే కోసం వచ్చిన ఒకావిడ, ఫిల్ము చేతికి అందాక కూడా బెంచీ మీద నుంచి లేవలేదు. పక్కనున్న కూతురి భుజం తట్టి “అడుగు” అంది. ఆ అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది, జిల్లా స్థాయిలో ఖోఖో ఆడింది. “అక్కా, రేడియాలజీలో చేరనా, స్పోర్ట్స్ సైన్స్‌లో చేరనా?” నేను నోరు తెరిచేలోపే తల్లి అందుకుంది. “రేడియేషన్‌లో పనిచేస్తే రేపు పిల్లలు పుట్టరట కదమ్మా? ఆటల చదువైతే ఉద్యోగమే రాదట!”

నేను పదిహేడేళ్లుగా రేడియోగ్రాఫర్‌ని, అంటే ఎక్స్‌రే, సీటీ లాంటి చిత్రాలు తీసే పని. మా తమ్ముడు చెన్నైలో స్పోర్ట్స్ సైన్స్ చదివి వచ్చి ఇక్కడే పరుగు పోటీల పిల్లలతో పనిచేస్తున్నాడు. ఈ రెండు చదువుల గురించి మా ఇంట్లో రోజూ మాటలు నడుస్తాయి. ఆ తల్లికి చెప్పిన సమాధానాలే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రేడియేషన్ దగ్గర పనిచేసేవారికి సంతానం కలగదు.

ఈ మాట వల్ల నాకు కుదరబోయిన సంబంధం ఒకటి తప్పిపోయింది. ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. అయితే నా ఒక్కదాని అనుభవం రుజువు కాదు కాబట్టి లెక్కలు చూడండి.

మన దేశంలో ఈ రంగాన్ని నియంత్రించేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. రేడియేషన్ పనివారికి అది పెట్టిన పరిమితి వరుసగా ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి అందే రేడియేషన్ మోతాదుకు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. నేలలోంచి, ఆకాశంలోంచి, తిండిలోంచి మనిషికి సహజంగా అందేదే ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల వరకు ఉంటుంది. నాకు ఎంత రేడియేషన్ తగిలిందో నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి నా ఛాతీ మీద ఉంటుంది. దాన్ని మూడు నెలలకొకసారి ప్రయోగశాలకు పంపి కొలిపిస్తారు. దాని రీడింగు ఏ ఏడాదీ ఒక మిల్లీసీవర్టు దాటలేదు. పురుషులలో తాత్కాలికంగానైనా సంతానశక్తి తగ్గాలంటే ఆ అవయవాలకు ఒక్కసారిగా 100 మిల్లీగ్రేల స్థాయిలో తగలాలి. ఎక్స్‌రేల విషయంలో మిల్లీగ్రే, మిల్లీసీవర్టు దాదాపు ఒకే కొలత అనుకోవచ్చు. తేడా ఎంతో మీరే చూడండి.

గర్భం వస్తే వెంటనే సంస్థకు తెలియజేయాలి. అక్కడి నుంచి కాన్పు వరకు కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించకుండా పని కేటాయించాలన్నది నిబంధన. క్యాన్సర్ సంగతికొస్తే, ఎంత చిన్న మోతాదుకైనా అంతే చిన్న ప్రమాదం ఉండవచ్చన్న జాగ్రత్తతోనే ఈ పరిమితులన్నీ పెట్టారు. అందుకే పరిమితి లోపలే ఉన్నామని ఊరుకోం, ఇంకా ఎంత తగ్గించగలమా అని చూస్తాం. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. ఏడుస్తున్న పసివాడిని పట్టుకోవలసి వస్తే తల్లికో తండ్రికో లెడ్ ఏప్రాన్ (కిరణాలను ఆపే సీసం పొర ఉన్న తొడుగు) తొడిగి పట్టుకోమంటాం, రోజంతా ఆ గదిలో ఉండే మేం పట్టుకోం. కొత్తవాళ్లకు ఇది కఠినంగా అనిపిస్తుంది. కానీ ఆ తల్లికి అది ఒక్కసారి, మాకు రోజూ.

నేను భయపడేది నిర్లక్ష్యానికి. బ్యాడ్జిని సొరుగులో పడేసి పనిచేసేవారిని చూశాను. ఏప్రాన్‌ను చీరలా మడతపెట్టి కుర్చీ మీద పెట్టేవారిని చూశాను. మడత పడ్డచోట లోపలి రక్షణ పొర చిట్లుతుంది, బయటి గుడ్డ మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది. మొదటి ఉద్యోగానికి వెళ్లినప్పుడు జీతం కంటే ముందు బ్యాడ్జి ఇస్తారో లేదో అడగండి. ఏప్రాన్లు కొక్కేనికి వేలాడుతున్నాయో లేదో చూడండి.

అపోహ: ఎక్స్‌రే తీశాక గదిలో రేడియేషన్ మిగిలిపోతుంది.

మిగలదు. స్విచ్ తీస్తే దీపం వెలుగు గదిలో మిగులుతుందా? ఇదీ అంతే. ఎమ్మారై, అల్ట్రాసౌండ్‌లలో ఈ రకం కిరణాలే ఉండవు.

అపోహ: ఈ చదువంతా బటన్ నొక్కడానికే.

రేడియేషన్ చదువులో ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారైల వంటి చిత్రాల పని ఒక భాగం. క్యాన్సర్‌కు చేసే రేడియోథెరపీ ఇంకొక దారి, రేడియోధార్మిక మందులను ఒంట్లోకి పంపి చేసే న్యూక్లియర్ మెడిసిన్ మరొకటి. మన ఊళ్లలో రేడియోథెరపీని “కరెంటు పెట్టడం” అంటారు. శిక్షణలో ఉండగా నేను ఆ విభాగంలో కొన్ని నెలలు పనిచేశాను. గొంతు క్యాన్సర్‌తో వచ్చిన ఒక పెద్దాయనకు మాస్కు తయారు చేసిన రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వేడినీళ్లలో ప్లాస్టిక్ పలకను మెత్తబరిచి, తడి తుడిచి, ఆయన ముఖం మీద పరిచి చేతులతో అదిమాం. చల్లారేకొద్దీ అది ముక్కు, గడ్డం ఆకారానికి బిగుసుకుంది. ఆయన చేయి నా కొంగు అంచు పట్టుకుంది. ఊపిరి ఆడుతుంది తాతా, మాస్కు నిండా రంధ్రాలే ఉన్నాయని చెబుతూనే ఉన్నాను. వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలు ఆయన ఆ మాస్కు కిందే పడుకోవాలి. తల కొన్ని మిల్లీమీటర్లు కదిలినా కిరణం గడ్డను వదిలి వెన్నుపాము వైపు పోవచ్చు. ఎంత మోతాదో డాక్టరు నిర్ణయిస్తారు, ఎలా పంపాలో మెడికల్ ఫిజిసిస్టు లెక్క కడతారు, ప్రతిరోజూ అదే చోట పడేలా చూసేది టెక్నాలజిస్టు. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా అని ఆయన అడిగాడు. బయటి నుంచి పంపే ఈ కిరణం ఒంట్లో మిగలదు, నిక్షేపంగా కూర్చోబెట్టుకోవచ్చు. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ మందు తీసుకున్నవారి సంగతి వేరు, కొన్నాళ్లు పిల్లలకు దూరంగా ఉండాలి. ఈ తేడా చెప్పగలగడం కూడా మా పనిలో భాగమే.

అపోహ: రేడియాలజీ డిగ్రీ ఉంటే సొంతంగా స్కానింగ్ చేసుకోవచ్చు.

చేయకూడదు. లింగనిర్ధారణను నిషేధిస్తూ 1994లో వచ్చిన చట్టం కింద గర్భిణులకు అల్ట్రాసౌండ్ చేసే అధికారం తగిన అర్హత ఉన్న, నమోదైన డాక్టర్లకే ఉంది. ఎక్స్‌రే, సీటీ చిత్రాలు చూసి రిపోర్టు రాసేది కూడా రేడియాలజిస్టే, అంటే ఆ విభాగపు స్పెషలిస్టు డాక్టరే. ఈ ఆశ పెట్టి పిల్లల్ని చేర్పించే దళారులున్నారు, జాగ్రత్త. చేరేముందు ఆ కళాశాలకు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం గుర్తింపు ఉందో లేదో, డిప్లొమా అయితే పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

అపోహ: స్పోర్ట్స్ సైన్స్ అంటే పీఈటీ చదువు, ఆటలో పతకాలున్నవారికే.

పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచాక ఈ చదువు గురించి అడిగేవారు పెరిగారు. సంతోషమే. కానీ అది క్రీడాకారులను తయారుచేసే డిగ్రీ కాదు, క్రీడాకారుల శరీరాన్ని చదివే డిగ్రీ. శ్రమలో గుండె, ఊపిరితిత్తులు, కండరాలు ఎలా పనిచేస్తాయి, కీళ్ల మీద ఎంత బలం పడుతుంది, ఏం తినాలి, మనసు ఎలా నిలుస్తుంది అన్నవి పాఠాలు. లెక్కలంటే భయపడేవారు ఇక్కడ ఇబ్బంది పడతారు. ప్రభుత్వ బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు కావాలంటే చదవవలసింది బీపీఈడీ లాంటి కోర్సు. గాయాలకు ఫిజియోథెరపీ చేయాలంటే అది మళ్లీ వేరే డిగ్రీ. ఈ మూడింటినీ కలగాపులగం చేసి చేరినవాళ్లు మూడో ఏడాదిలో ఏడుస్తున్నారు.

తమ్ముడు పొద్దున్నే మైదానంలో పిల్లల్ని పరిగెత్తించి, ఒక్కొక్కరినీ ఆపి “ఎంత?” అంటాడు. వాళ్లు “పదమూడు”, “పదిహేడు” అని చెబుతారు. శ్రమ ఎంతగా అనిపించిందో చెప్పే బోర్గ్ కొలమానం అది. 6 నుంచి 20 వరకు ఉంటుంది. చెప్పిన అంకెను పదితో గుణిస్తే యువకుల గుండె వేగానికి దగ్గరగా వచ్చేలా కూర్చారు. నిన్న పదమూడన్న పిల్ల ఇవాళ అదే పరుగుకు పదిహేడంటే, నిద్ర పట్టలేదా, తిండి తినలేదా, నెలసరి సక్రమంగా వస్తోందా అని విచారిస్తాడు. ఖర్చులేని పరీక్ష, పుస్తకం నిండా అంకెలే.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. రేడియోగ్రాఫర్లకు జనగామ నుంచి మంచిర్యాల దాకా ప్రతి పట్టణంలోనూ పని దొరుకుతుంది, కాకపోతే మొదట్లో జీతం తక్కువ, రాత్రి డ్యూటీలు తప్పవు. స్పోర్ట్స్ సైన్స్ పోస్టులు తక్కువ. హైదరాబాద్ అకాడమీలకో, రాష్ట్రం దాటో వెళ్లాలి, చాలాచోట్ల ఎమ్మెస్సీ అడుగుతారు. డిగ్రీ కాగానే ఇల్లు గడవాలనుకునే కుటుంబానికి నేను మొదటిదే చెబుతాను. విదేశాలకు వెళ్లాలనుకునేవారు ముందు అక్కడి రిజిస్ట్రేషన్ నిబంధనలు చదవాలి. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో రిజిస్ట్రేషన్ లేకుండా రేడియోగ్రాఫర్ అని పిలిపించుకోవడానికి కూడా వీల్లేదు.

అపోహ: ఈ రెండు చదువులకూ సంబంధం లేదు.

నా గదిలో ఇవి తరచూ కలుస్తాయి. అండర్-16 క్రికెట్ ఆడే బాలుర వయసు తేల్చడానికి బీసీసీఐ ఎడమ మణికట్టు ఎక్స్‌రేనే చూస్తుంది. కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్ల పరుగు సాధన చేసే పిల్లలు అరిగిన బూట్లతో తారు రోడ్డు మీద పరిగెత్తి, కాలి ముందు ఎముక నొప్పితో వస్తారు. ఒక అబ్బాయికి ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఊరట పడి మర్నాడే పరుగుకు సిద్ధమయ్యాడు. ఎముకలో సన్నటి ఒత్తిడి పగులు ఉంటే మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు, ఎమ్మారైకి చిక్కుతుంది. డాక్టరు అదే చెప్పి ఎమ్మారై రాశారు, పగులు బయటపడింది. వారంలో పరుగు దూరాన్ని రెట్టింపు చేశాడని తమ్ముడు అతన్ని అడిగితే తెలిసింది.

ఖోఖో అమ్మాయిని రెండుచోట్లా ఒక్కొక్క పూట కూర్చుని చూడమన్నాను. మా సెంటర్‌లో నిరీక్షణ హాల్లో కూర్చుంది, మర్నాడు తమ్ముడితో మైదానంలో నిలబడింది. కాలి నొప్పి అబ్బాయి అప్పుడు గట్టు మీద కూర్చుని మిగతావాళ్ల అంకెలు రాస్తున్నాడట. రెండు నెలల తర్వాత ఆ అమ్మాయి ఫోను చేసింది. ఏ కోర్సులో చేరావని నేను అడగబోతుంటే, “అక్కా, ఆ అన్న కాలు తగ్గిందా?” అంది. నాకు తెలియదు. నా గదిలోంచి వెళ్లినవారి కబురు మళ్లీ నాకు అందడం అరుదు. తమ్ముడిని అడిగి చెప్పాను: మెల్లగా నడక మొదలుపెట్టాడు, రోజుకు ఇరవై నిమిషాలు.